సాఫ్ట్‌వేర్ డెవలపర్ రోజంతా ఏం చేస్తారు?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రోగ్రాం అంటే ఏమిటో మగ్గంతో పోల్చి చెప్పగలుగుతారు.
• సాఫ్ట్‌వేర్ డెవలపర్ రోజువారీ పనిని వివరించగలుగుతారు.
• ప్రోగ్రాంలోని తప్పును ఎలా వెదకుతారో ఒక ఉదాహరణతో తెలుపగలుగుతారు.

1. తెలిసిన మగ్గంతో మొదలుపెడదాం

సూరత్ నగరంలోని లింబాయత్ వీధుల్లో తెలుగు మాట వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. వారిలో చాలామంది బతుకు మరమగ్గాలతో, అంటే సాంచాలతో ముడిపడి ఉంది. ఇలాంటి ఇళ్లలో ఎవరైనా కంప్యూటరు ఉద్యోగం మాట ఎత్తితే, "అది మనకు అందే పని కాదులే" అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. నిజంగా అది అంత అందని పనేనా? చూద్దాం.

జాకార్డు అమర్చిన మగ్గాన్ని గుర్తు తెచ్చుకోండి. దానిపైన రంధ్రాలు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట పోగు కిందనే ఉంటుంది. ఆ సందులోనుండి పేక నడుస్తుంది. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద మరొక డిజైను వస్తుంది. ఈ పద్ధతిని 1804లో ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో జోసెఫ్ మేరీ జాకార్డు రూపొందించాడు.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో ఒక లెక్కల యంత్రాన్ని ఊహించాడు. ఏ లెక్క చేయాలో ఇటువంటి అట్టల ద్వారానే దానికి చెప్పాలని తలచాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు కాని, ఆలోచన నిలిచింది. యంత్రానికి వరుసక్రమంలో ఇచ్చే ఆదేశాలనే ఇప్పుడు మనం ప్రోగ్రాం అంటున్నాం. ఆ ఆదేశాలను రాసి, సరిచూసి, సరిదిద్దే వ్యక్తే సాఫ్ట్‌వేర్ డెవలపర్.

2. ఒక రోజు పని

డెవలపర్ రోజంతా కొత్త ప్రోగ్రాం రాస్తూనే ఉంటారని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. ఇతరులు ఇంతకుముందు రాసినదాన్ని చదవడానికి, తప్పులు వెదకడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఒక ఉదాహరణ తీసుకొందాం.

ఒక మరమగ్గాల కార్ఖానాలో కూలి లెక్కలు కంప్యూటరు చేస్తుందనుకోండి. మీటరుకు 4 రూపాయలు కూలి. ఒక కార్మికుడు 42.5 మీటర్లు నేశాడు. అతనికి 170 రూపాయలు రావాలి. చీటీలో 168 రూపాయలే వచ్చింది. అతడు ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు డెవలపర్ దగ్గరకు చేరింది.

ఉదయం: డెవలపర్ తోటివారితో పది పదిహేను నిమిషాలు కూర్చొంటారు. నిన్న ఏం చేశారో, ఈ రోజు ఏం చేస్తారో, ఎక్కడ చిక్కుపడ్డారో ఒక్కొక్కరూ చెబుతారు. తరువాత ఫిర్యాదు చేసినవారితో మాట్లాడి, ఏ రోజు, ఎన్ని మీటర్లు అని వివరాలు అడుగుతారు.

మధ్యాహ్నం వరకు: అదే లెక్కను తానూ చేయించి చూస్తారు. 42 మీటర్లు ఇస్తే 168 వచ్చింది. 42.5 ఇచ్చినా 168 వచ్చింది! అంటే అరమీటరు ఎక్కడో పోతున్నది. పోగు తెగినప్పుడు మీరు ఏం చేస్తారు? వస్త్రమంతా విప్పరు. తెగినచోటు వెదకుతారు. డెవలపర్ కూడా ఒక్కొక్క ఆదేశం తరువాత ఫలితం ఎంతో చూస్తూ పోతారు. చివరకు మీటర్లను దాచే గడి పూర్తి సంఖ్యలను మాత్రమే తీసుకొంటున్నదని తేలుతుంది.

సాయంత్రం: మార్చవలసినది ఒక్క వరుసే. కాని, మార్చగానే పని అయిపోదు. 42, 42.5, 0 ఇచ్చి మూడుసార్లు సరిచూస్తారు. సహోద్యోగికి చూపించి, అతడు ఒప్పుకొన్న తరువాతనే కొత్త ప్రోగ్రామును కార్ఖానాకు పంపుతారు.

రోజుకు 2 రూపాయలే కదా అనుకోవద్దు. రోజూ అరమీటరు పోతే 26 పనిదినాలకు 52 రూపాయలు. వందమందికి 5,200 రూపాయలు. తప్పు కంప్యూటరులో ఉన్నా, నష్టం మనిషికే. ఆ కార్మికుడు తన లెక్క తాను వేసుకొన్నాడు కనుకనే తప్పు బయటపడింది. మీరు డెవలపర్ కాకపోయినా ఈ అలవాటు మీకు అవసరం.

3. ఈ పనిలోని కష్టసుఖాలు

ఇది నీడపట్టున చేసే పనే. కాని, గంటల తరబడి తెరవైపు చూడటం వల్ల కళ్లు అలసిపోతాయి, మెడ, నడుము నొప్పిపెడతాయి. గడువులు తరుముతుంటాయి. ఉద్యోగ భద్రత అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు ప్రోగ్రాం వరుసలను తామే రాసి ఇస్తున్నాయి. అవి సరిగా ఉన్నాయో లేదో తేల్చే బాధ్యత మాత్రం మనిషిదే.

దీనికి లెక్కలు, కొంత ఇంగ్లీషు, ఎక్కువ ఓపిక కావాలి. నెలరోజుల్లో వచ్చే విద్య కాదు. బడి మధ్యలో ఆగినవారు ముందు పదవ తరగతి పూర్తిచేయాలి. సార్వత్రిక పాఠశాల సెకండరీ కోర్సులో చేరడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు.

మీరు ఏం నేర్చుకొన్నారు?

ప్రోగ్రాం అంటే యంత్రానికి వరుసగా ఇచ్చే ఆదేశాలు. డెవలపర్ పనిలో రాయడంకంటే చదవడం, వెదకడం, సరిచూడటం ఎక్కువ. తెగిన పోగును వెదికి ముడివేసే ఓర్పు మీకు ఉంటే, ఈ పనికి కావలసిన మొదటి గుణం మీలో ఉన్నట్లే.

పాఠాంత ప్రశ్నలు

1. జాకార్డు అట్టకు, ప్రోగ్రాముకు ఉన్న పోలిక ఏమిటి?
2. డెవలపర్ 42, 42.5, 0 అనే మూడు సంఖ్యలతో ఎందుకు సరిచూశారు?
3. మీ గత నెల కూలి చీటీని లేదా కరెంటు బిల్లును తీసుకొని, లెక్కను మీరే ఒక్కొక్క మెట్టుగా రాసి సరిచూడండి.