ట్రాక్టరు దెబ్బతిన్న పిదప కిరాయి యెవరు భరింపవలెను?

గడచిన వానకాలమున, నాట్లు ముమ్మరముగ సాగు దినములలో, మన సంఘ సభ్యుడగు నొక రైతు కామారెడ్డి నుండి యెల్లారెడ్డి వైపు ఎరువు బస్తాలతో తన ట్రాక్టరును తోలుకొని వచ్చుచుండెను. లింగంపేట దాటిన పిమ్మట వెనుకనుండి వచ్చిన లారీ యొకటి ట్రాలీని గుద్దెను. అదృష్టవశమున ఎవరికిని గాయము తగులలేదు. కాని ట్రాలీ కొక్కెము విఱిగి, ట్రాక్టరు వెనుక ఇరుసు చెడి, బండి పదునెనిమిది దినములు మరమ్మతు దుకాణమున పడియుండెను. నారు ముదురుచుండెను. మడిలో నీరు నిలిచియుండెను. కరిగెట చేయుటకు బండి లేదు.

మఱునాడు మేము ఆ యూరి నారుమళ్లను చూచుటకు పోయినపుడు మాకంటె ముందుగనే యొక పెద్దమనిషి వారి అరుగుమీద కూర్చుండియుండెను. తెల్లని చొక్కా, చేతిలో కాగితముల సంచి. తాను క్లెయిములు చూచు కంపెనీవాడనని చెప్పుకొనెను. "పటేలా, మీ చేతినుండి ఒక్క రూపాయి యైనను పోదు. దున్నుటకు బండి మేమే పంపుదుము. గంటకు మూడువేలు. అదంతయు లారీ బీమా కంపెనీ వద్ద మేమే రాబట్టుకొందుము. మీరు ఇచ్చట దస్కతు చేసిన చాలును" అనెను. ఆ కాగితములలో రెండు వట్టి తెల్లకాగితములు. మూడవ దానిలో వచ్చిన సొమ్ములో నూటికి నలుబది కంపెనీకి చెందునని వ్రాసియుండెను. చేయి విఱిగినట్లు ఒక వైద్య పత్రము గూడ తెప్పించెదనని అతడు మెల్లగ చెప్పినప్పుడు రైతు మా ముఖము వైపు చూచి, "సారూ, ఏమి చేయమందురు?" అని యడిగెను.

ఇట్టివారిని మన ప్రాంతమున పైరవీకార్లందురు. కంపెనీ యను పేరు పెట్టుకొన్నంత మాత్రమున పని మారదు. వకీలు సైతము గెలిచిన సొమ్ములో వాటా కోరి వ్యాజ్యము పట్టరాదని భారత బార్ కౌన్సిలు నిబంధన కలదు. వకీలు చేయగూడని దానిని సంచి పట్టుకొని తిరుగువాడు చేయుట యెట్లు తగును? ఇక ఆ దొంగ పత్రము మాట. ఉత్తరప్రదేశమున బోగసు క్లెయిములపై ప్రత్యేక దర్యాప్తు బృందమే యేర్పడి, 2021లో ఆ సంగతి సుప్రీము కోర్టు ముందునకు గూడ వచ్చెను. అట్టి పత్రముమీద వ్రాలు చేసిన రైతు, నిజమైన తన నష్టమును గూడ చెప్పుకొనలేని స్థితికి వచ్చును.

ఈ వ్యాపారము మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లాండులో ప్రమాదమున కారు చెడినవారికి అప్పుగా కారును కిరాయి కిచ్చి, ఆ కిరాయిని ఎదుటివాని బీమా కంపెనీ వద్ద రాబట్టు కంపెనీలు ఎన్నియో పుట్టెను. సాధారణ కిరాయికంటె వాని కిరాయి మిక్కిలి హెచ్చు. 2000లో అచ్చటి ప్రభువుల సభ యొక వ్యాజ్యమున, కిరాయి పత్రమే చట్టప్రకారము వ్రాయబడనందున ఆ కిరాయి ఎదుటివాడు ఇయ్యనక్కఱలేదని తీర్పు చెప్పెను. బజారులో మామూలుగా దొరకు కిరాయికి మించి రాదను మాటయు అందే కలదు. 2003లో మఱియొక వ్యాజ్యమున, చేత డబ్బు లేక గత్యంతరము లేనివానికి మాత్రము హెచ్చు కిరాయి యైనను ఇప్పింపవచ్చుననిరి. ఇట్టి క్లెయిముల కంపెనీలను 2019 ఏప్రిలు నుండి అచ్చటి ఆర్థిక వ్యవహారముల నియంత్రణ సంస్థ యదుపులో నుంచిరి. మనకు అట్టి అదుపు లేదు గనుక మన జాగ్రత్తయే మనకు దిక్కు.

మన సభ్యునికి మేము చెప్పినది ఇది. మీ ట్రాక్టరుకు మీరు కట్టిన బీమా బండి మరమ్మతుకు ఉపకరించునే గాని, బండి లేకపోవుటచేత కలిగిన నష్టమునకు సాధారణముగ ఉపకరింపదు. అట్టి నష్టము చేరదని బీమాపత్రముననే వ్రాసియుండును. కనుక కిరాయి అడుగవలసినది తప్పు చేసిన లారీ పక్షమువారిని. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ప్రమాదమున ఇతరుల ఆస్తికి కలిగిన నష్టమును గూడ క్లెయిముల ట్రిబ్యునలు విచారింపవచ్చును. ఆ నష్టము రెండువేల రూపాయలు మించినచో, కోరినవారు సివిలు కోర్టుకు పోవచ్చును. ప్రమాదము జరిగిన చోటనేగాక, మీరు కాపురముండు చోట గూడ ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొను హక్కు కలదు. హైదరాబాదుననే వేయవలెనని పైరవీకారు చెప్పిన మాట వట్టిది. లారీ యజమాని పేరు, బీమా కంపెనీ పేరు ఠాణాలో నిర్ణీత రుసుము చెల్లించి అడిగినచో తెలుపవలెనని చట్టము. దరఖాస్తుకు 2022 ఏప్రిలు నుండి ఆరు నెలల గడువు విధింపబడినది. పంట యింటికి వచ్చిన పిమ్మట చూచుకొందమనుకొనరాదు.

బీమా కంపెనీ కిరాయి విషయమున అడ్డు చెప్పుట కలదు. ఆస్తి నష్టమునకు దాని పత్రమున నొక పరిమితియు నుండును. దానిని మించినది లారీ యజమానియే భరింపవలెను. ఏదైనను రుజువు లేనిదే ఒక్క పైసయు రాదు. అందుచేత ఆ రైతును మేము ఊరిలోని మఱియొక ట్రాక్టరు యజమాని వద్దకు తీసికొనిపోతిమి. గంటకు 1,800 రూపాయలు కుదిరెను. ఇరువదిరెండు గంటల పనికి 39,600 అయ్యెను. ఏ దినము, ఏ మడి, ఎన్ని గంటలు అని వ్రాసి, ప్రతి రసీదుమీదను బండి యజమాని దస్కతు తీసికొంటిమి. ఆ కిరాయిలో డీజిలు చేరియున్నది. సొంత బండియైనను డీజిలు త్రాగును గదా! అందుకు సుమారు 12,000 తీసివేసి 27,600 మాత్రమే కోరుట న్యాయమని చెప్పితిమి. రైతుకు ఇది కొంత రుచింపలేదు. పైరవీకారు లెక్క ప్రకారము ఆ పనికే 66,000 కాగలదు. అది రానియెడల బండి పంపినవాడు ఎవరిని పట్టుకొనునని మేమడుగగా, అతడు ఆలోచించి తెల్లకాగితములను తిరిగి యిచ్చివేసెను.

మరమ్మతు దుకాణమువారు బండి తెచ్చిన దినము, ఇచ్చిన దినము వ్రాసి యియ్యవలెను. నష్టమును లెక్కించు సర్వేయరు చూడకమునుపు ఇరుసు విప్పరాదు. దెబ్బతిన్న బండి ఫొటోలు, పంచనామా నకలు, బస్తాల బిల్లు ఒక్క సంచిలో నుంచవలెను.

కిరాయి మాట వచ్చినది గనుక మఱియొకటి చెప్పవలసియున్నది. పెండ్లికో దినమునకో పోవుటకు మనవారు సరుకుల ట్రాలీ ఆటోను కిరాయికి మాట్లాడుకొందురు. 2022 మే 8న మన జిల్లాలోనే నిజాంసాగరు మండలము హసన్‌పల్లి వద్ద, ఎల్లారెడ్డి నుండి జనముతో తిరిగిపోవుచున్న టాటా ఏస్ బండియు లారీయు ఢీకొనగా తొమ్మిదిమంది మృతిచెందినట్లు నాటి పత్రికలలో వచ్చెను. ఆ దుఃఖమును తలచుకొనక ఆ దారిన మేము ఇప్పటికిని పోజాలము. సరుకుల బండిలో కూర్చున్న ప్రయాణికులకు ఆ బండి బీమా కంపెనీ చట్టరీత్యా బాధ్యురాలు కాదని సుప్రీము కోర్టు ఆశారాణి వ్యాజ్యమున తేల్చియున్నది. రెండు బండ్ల తప్పును ఉన్నచో, ప్రయాణికుడు ఏ యొక్కరినుండి యైనను పూర్తి పరిహారము కోరవచ్చునని 2015లో అదే కోర్టు చెప్పినది. కాని ఎదుటి బండి తప్పు రుజువు కానిచోట, మిగులునది బండి యజమాని యాస్తి మాత్రమే. నూఱు రూపాయలు కలిసివచ్చునని చూచుకొన్న కిరాయి అట్టి చోటికి తెచ్చును.

మన సభ్యుని దరఖాస్తు ట్రిబ్యునలులో నున్నది. ట్రాక్టరు బాగుపడి యాసంగి దున్నకమునకు వచ్చినది. దాని ట్రాలీకి మాత్రము వేరుగ బీమా లేదని కాగితములు సర్దునప్పుడు బయటపడినది. పోయిన వారము మేము పోయి యడుగగా, "వడ్లు అమ్మిన దినమే కట్టుదును సారూ" అనెను. వడ్లు ఇంకను కళ్లములోనే యున్నవి.