పచింకో యంత్రం – ఇంటి మరమ్మతు

జపాను జూదశాలల నుండి తొలగించిన పచింకో యంత్రాలను ఇళ్లకు కొనుక్కునే ఔత్సాహికులున్నారు. దీనికి 24 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావాలి. నేరుగా గోడ ప్లగ్గుకు కలిపితే బోర్డు కాలిపోతుంది, కనుక తగిన ట్రాన్స్‌ఫార్మరు అవసరం. ఆట నిలిచిపోతే మనము ముందుగా అనుమానించవలసినది 11 మిల్లీమీటర్ల ఉక్కు గుండ్లకు పట్టిన మురికిని. వాటిని, అవి దొర్లే దారులను తుడవాలి. ఇత్తడి మేకులను మాత్రం వంచరాదు. వాటి నడుమనున్న వెంట్రుకవాసి ఎడమే ఆటకు ప్రాణం. చేయి తాకనిదే పిడి గుండును విసరదు. తెలియనివారు దానినే లోపమనుకుంటారు. గుండు ఎడమ అంచు వెంట పైకెగసి నడిమి రంధ్రం వైపు జారేటట్లు పిడిని కొద్దికొద్దిగా తిప్పడమే మన నేర్పు. అది రంధ్రంలో పడిన క్షణాననే చిప్పు చీటీ తీసేస్తుంది. తెరపై అంకెలు గిరగిర తిరగడం అప్పటికే తేలిన ఫలితానికి చేసే ఆర్భాటం.