చీమలు తీర్చిన రుణం

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మెత్తనివాడు. అందుకని అందరూ వాణ్ణి వెర్రివాడు అనేవాళ్లు.

ఒకరోజు ముగ్గురూ కలిసి పోతున్నారు. దారిలో చీమల పుట్ట కనిపించింది. దాన్ని తవ్వితే చీమలు గుడ్లు మోసుకుని ఎట్లా ఉరుకుతాయో చూద్దామనుకున్నారు పెద్దవాళ్లిద్దరూ. చిన్నవాడు ఒప్పుకోలేదు. ఇంకొంత దూరం పోతే చెరువు. అందులో బాతులు. వాటిని పట్టి కాల్చుకుని తిందామన్నారు అన్నలు. చిన్నవాడు అడ్డం పడ్డాడు. ఆ తర్వాత ఒక చెట్టుకు తేనెతుట్టె. మంట పెట్టి, ఈగలను చంపి తేనె తీద్దామన్నారు. దానికీ వాడు సరే అనలేదు.

చివరికి ఒక కోట చేరారు. కోటలో అందరికీ శాపం తగిలి ఉంది. శాపం పోవాలంటే మూడు పనులు చేయాలి. అడవిలో నాచు కింద రాజకుమారి ముత్యాలు వెయ్యి పడి ఉన్నాయి. పొద్దు గూకేలోగా అన్నీ ఏరాలి. ఒక్కటి తక్కువైనా ఏరినవాడు రాయి అయిపోతాడు. పెద్దవాడు నూరు ఏరాడు, రాయి అయ్యాడు. రెండోవాడు రెండు నూర్లు ఏరాడు, వాడూ రాయి అయ్యాడు. చిన్నవాడు ఏరలేక ఏడుస్తూ కూర్చున్నాడు. అప్పుడు వచ్చాయి చీమలు, అయిదు వేలు! చూస్తుండగానే ముత్యాలన్నీ కుప్ప పోశాయి.

రెండో పని, చెరువులో పడిన తాళంచెవి తేవాలి. బాతులు మునిగి తెచ్చాయి. మూడో పని కష్టమైనది. ఒకే పోలికలో ఉన్న ముగ్గురు రాజకుమార్తెలు నిద్రపోతున్నారు. వాళ్లలో చిన్నామెను గుర్తుపట్టాలి. నిద్రకు ముందు ఒకామె చక్కెర తిన్నది, ఒకామె పాకం తాగింది, చిన్నామె తేనె తిన్నది. తేనెటీగల రాణి వచ్చి చిన్నామె పెదవి మీద వాలింది. శాపం పోయింది. రాళ్లయిన అన్నలు కూడా మళ్లీ మనుషులయ్యారు.

ఇది జర్మనీ దేశపు కథ. పేరు తేనెటీగల రాణి. జేకబ్, విల్‌హెల్మ్ గ్రిమ్ అనే అన్నదమ్ములు 1812లో అచ్చు వేయించిన కథల పుస్తకంలో ఉంది. సాయం చేసిన వాడికి చీమలో, పాములో, పక్షులో తిరిగి సాయం చేయడం ఎన్నో దేశాల కథల్లో ఉంది. మన జేజిలు చెప్పే కథల్లోనూ ఉంది.

ఇట్లాంటి కథలు ఇప్పుడు బొమ్మల పుస్తకాలుగా వస్తున్నాయి. పేజీలో పెద్ద బొమ్మ ఉంటుంది. దాని కింద రెండు మూడు వాక్యాలు ఉంటాయి. ఇది పిల్లల పుస్తకమే. కానీ కొత్తగా చదువు నేర్చిన తల్లికి కూడా ఇంతకన్నా మంచి పుస్తకం దొరకడం కష్టం. ఒక మాట దగ్గర ఆగిపోతే బొమ్మ అందిస్తుంది. బిడ్డ ఊరుకోదు, చదివిన కథే మళ్లీ చదవమంటుంది. పదిసార్లు చదివితే ఆ అక్షరాలు ఇక మరిచిపోవడం ఉండదు. చదవడం మానేస్తేనే అక్షరాలు జారిపోతాయి. కష్టపడి నేర్చుకున్నది పోగొట్టుకోవడం ఎందుకు?

బిడ్డకు చదివే ముందు ఒకసారి తానొక్కతే చదువుకోవాలి. తర్వాత వేలు పెట్టి మెల్లగా చదవాలి. తప్పు పోతే సిగ్గు లేదు, మళ్లీ చదివితే సరి.

బిడ్డ తప్పకుండా అడుగుతుంది. "అమ్మా, ఇది నిజమా? అడవి అంటే ఏంది?" అనంతపురం సీమలో పుట్టిన బిడ్డ అట్లా అడగడంలో వింత లేదు. ఇక్కడ సాలుకు సగటున 55 సెంటీమీటర్ల వాన పడుతుంది, అదీ పడితే. కంటికి కనిపించేది శెనక్కాయ చేను, బోడి గుట్ట, తుమ్మచెట్టు.

చీమలు ముత్యాలు ఏరడం నిజం కాదని చెప్పేయవచ్చు. కానీ అడవి మాట అడిగితే చూపించడానికి ఒక చోటుంది. అది చెన్నేకొత్తపల్లి దగ్గర ఉంది. అప్పట్లో అది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అక్కడ 32 ఎకరాల బీడు భూమి కొన్నది. అక్కడ పశువులను మేపలేదు, కొమ్మ నరకలేదు, కసువుకు నిప్పు అంటుకోకుండా కాపలా కాశారు. పారే నీళ్లను కట్టలు వేసి ఆపారు. భూమిలో దాగిన వేర్లు చిగురు వేశాయి. పక్షులు, గాలి తెచ్చిన గింజలు మొలిచాయి. బీడు పచ్చబడింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా తమ గుట్టలను ఇట్లాగే కాపాడుకున్నారు. ఆ అడవికి కల్పవల్లి అని పేరు పెట్టారు. అక్కడ ఈత ఆకుతో ఆడవాళ్లు చీపుర్లు కడతారు, బుట్టలు అల్లుతారు. ఎవరూ మంత్రం వేయలేదు. భూమి జోలికి పోకుండా కొన్నేండ్లు వదిలారు, అంతే. కథలో చిన్నవాడు చీమల పుట్టకు చేసింది కూడా ఇదే కదా!

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కూడా బిడ్డకు చూపించదగ్గది. ఒకే చెట్టు. కొమ్మల నుంచి ఊడలు దిగి, ఊడలే మానులై అయిదెకరాల దాకా పాకింది. కిందికి పోతే తోపులో ఉన్నట్టే ఉంటుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఇక ఈ కథలు ఎవరివి? గ్రిమ్ అన్నదమ్ములు వాటిని తామే అల్లలేదు. చెప్పేవాళ్ల దగ్గర విని రాసుకున్నారు. చెప్పినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె డొరొతియా ఫీమన్. ఆమె తండ్రి పూటకూటి ఇల్లు నడిపాడు. బాటసారులు చెప్పుకునే కథలు అక్కడే ఆమె చెవిన పడ్డాయి. పెద్దయ్యాక కూరగాయలు అమ్ముకుని బతికింది. పట్నానికి వచ్చినప్పుడల్లా కథలు చెప్పేది. అట్లా నలభై దాకా చెప్పింది. ఆమె 1815లో చనిపోయింది. 1819లో వేసిన పుస్తకంలో ఆమె బొమ్మ అచ్చు వేశారు.

తెలుగులో బొమ్మలతో కథలను ఇంటింటికీ తెచ్చింది చందమామ పత్రిక. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టారు. నాగిరెడ్డిది పక్కనున్న కడప జిల్లా పొట్టిపాడు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. సికింద్రాబాదులో మంచి పుస్తకం అనే సంస్థ పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నది. ఊరి బడిలో కూడా అడిగి చూడవచ్చు.

పుస్తకం దొరకకపోతే ఇంట్లోనే ఒకటి తయారవుతుంది. కరువుకు ఊరు విడిచి బెంగళూరు పోయినవాళ్ల పిల్లలు జేజి దగ్గర ఉంటారు. ఆ జేజి కథ చెబుతుంటే తల్లో, అత్తో, పిన్నమ్మో రాసుకోవచ్చు. ఒక పక్క కథ, ఒక పక్క ఖాళీ వదలాలి. ఖాళీలో బిడ్డ బొమ్మ వేస్తుంది. చీమ పందిలా వచ్చినా పరవాలేదు. పై అట్ట మీద జేజి పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాయాలి.