క్యాన్ నీళ్లు, ఫ్లోరైడ్ నేల

త్రిపురారంలో, మిర్యాలగూడలో, కోదాడలో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ సోకు కోసం ఇంట్లోకి రాలేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి జనం ఎముకలు వంచిన నల్లగొండ ప్రాంతమిది. ప్లాస్టిక్‌కు భయపడి మళ్లీ బోరు నీళ్లు తాగమనడం ఇక్కడ నేరమే అవుతుంది. ఆ జాగ్రత్తతోనే క్యాన్ నీళ్లలో కలిసే ప్లాస్టిక్ సంగతి మాట్లాడుకోవాలి.

ఐదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ తునకలే మైక్రోప్లాస్టిక్‌లు. 2024లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీసా నీళ్లను లేజర్లతో పరీక్షిస్తే లీటరుకు సగటున 2,40,000 తునకలు తేలాయి. పదింట తొమ్మిది నానో పరిమాణంలోనివి. సీసాను తయారుచేసే పెట్ ప్లాస్టిక్ కన్నా నైలాన్ జాతికి చెందిన పాలీఅమైడ్ ఎక్కువగా కనిపించింది. నీటిని శుద్ధిచేసే ప్లాస్టిక్ పొరల నుంచే అది రాలి ఉంటుందని వాళ్ల అంచనా.

2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ దొరికింది. ఇటలీ వైద్యులు 2024లో ప్రచురించిన అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. మెడ ధమనుల్లో పేరుకున్న పూడిక తీయించుకున్న 257 మందిలో 150 మంది పూడికలో పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ఉంది. మిగతావారితో పోలిస్తే వీళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువ. ప్లాస్టిక్కే కారణమని దీంతో రుజువు కాలేదు. అయినా రుజువు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలని నేననుకోను.

అన్నిటికన్నా ముందు మానాల్సింది వేడి వేడివి ప్లాస్టిక్‌లో పోయడం. పేపర్ కప్పు లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే దాదాపు 25,000 తునకలు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ లెక్కగట్టింది. కవర్లో కట్టించుకునే టీ, సాంబారు మాటేమిటి? స్టీలు గిన్నె పట్టుకెళ్తే సరిపోయే పని ఇది.

నీళ్లు మరిగించినా మేలే. కఠిన జలాన్ని మరిగించి వడగడితే ప్లాస్టిక్ తునకలు 90 శాతం దాకా తగ్గాయని 2024లో చైనా పరిశోధకులు చూపారు. గిన్నె అడుగున తెల్లగా కట్టే సున్నం వాటిని తనలో బంధించేస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది. అందుకే మరిగించాల్సింది బోరు నీళ్లు కాదు, మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు.

క్యాన్ తప్పనివాళ్లు దాన్ని ఎండలో ఉంచకూడదు, గీతలు పడ్డదైతే తిప్పి పంపాలి, రాగానే నీళ్లను స్టీలు బిందెలోకో కుండలోకో ఒంపుకోవాలి. ఊళ్లోనే ఆర్.ఓ. ప్లాంటు ఉంటే బిందెతో వెళ్లి పట్టుకోవడం మరీ మంచిది. ఫ్లోరైడ్ పరీక్ష ఫలితం చూపమని అక్కడే అడగండి: మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5.