ఎముక ఎండుకట్టె కాదు!

చేపల కూరతో అన్నం తిన్నాక కంచం పక్కన మిగిలే ముల్లును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? గుండుగొలను, భీమడోలు, కైకలూరు వంటి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు అది కొత్త వస్తువేమీ కాదు. నడుమ పొడుగాటి వెన్నుముల్లు ఉంటుంది. చూడటానికి ఒకే పుల్లలా ఉన్నా, నిజానికి అది పూసలు గుచ్చినట్లు పేర్చిన చిన్న చిన్న ముక్కల వరుస. ఇప్పుడు చేయి వెనక్కి పెట్టి మీ వెన్ను తడిమి చూసుకోండి. అక్కడా పూసలే తగులుతాయి! చేప, కప్ప, గూడబాతు, గేదె, మనిషి అన్నీ వెన్నెముక గల జీవులే గదా.

అయితే ఆ ముల్లును చూసి ఎముక అంటే ఎండుకట్టె లాంటిదని చాలామంది అనుకుంటారు. కంచం పక్కన ఉన్నది చచ్చిన ఎముక. మీ ఒంట్లో ఉన్నది బతికున్న ఎముక. దానికి రక్తం అందుతుంది. నొప్పి తెలుస్తుంది. అది పెరుగుతుంది, విరిగితే అతుక్కుంటుంది. తిండి చాలకపోతే బలహీనపడుతుంది. తాగే నీరు మంచిది కాకపోతే చెడిపోతుంది కూడా. ఆ సంగతి చెప్పుకునే ముందు ఎముకల లెక్క, వాటి నిర్మాణం తెలుసుకుందాం.

మొత్తం ఎన్ని?

పెద్దవాళ్ల అస్థిపంజరంలో సాధారణంగా 206 ఎముకలుంటాయి. వీటిని రెండు భాగాలుగా చెబుతారు. శరీరం నడుమ నిట్టనిలువుగా ఉండే భాగంలో 80 ఎముకలు: కపాలంలో 22, చెవుల లోపల 6, గొంతులో 1, వెన్నెముకలో 26, పక్కటెముకలు 24, రొమ్ముటెముక 1. కూడి చూసుకోండి. మిగిలిన 126 ఎముకలు కాళ్లలో, చేతుల్లో, వాటిని మొండేనికి తగిలించే భుజాల్లో, తుంటిలో ఉంటాయి. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఒక్క చేతిలోనే 27 ఎముకలు! పెన్ను పట్టుకోవడం, ముడి విప్పడం, వల అల్లడం వంటి పనులు మన చేతికి సాధ్యమయ్యేది ఇన్ని ముక్కలు ఉండబట్టే.

మరి అప్పుడే పుట్టిన బిడ్డకో? సుమారు 300! ఆశ్చర్యపోకండి. ఎముకలు ఎక్కడికీ పోవు. పెరుగుతున్న కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చంటిబిడ్డ వెన్నులో 33 పూసలుంటాయి. అడుగున ఉన్నవి కొన్ని కలిసిపోగా పెద్దయ్యాక 26 ఎముకలే మిగులుతాయి.

ఐదు రకాలు

ఆకారాన్ని బట్టి ఎముకలను ఐదు రకాలుగా విభజించారు.

పొడవు ఎముకలు: తొడ ఎముక, భుజాస్థి, ముంజేతిలోని రత్ని, అరత్ని. నడవడానికి, బరువులెత్తడానికి ఇవే ఆధారం. శరీరంలో అన్నిటికన్నా పొడవైనది తొడ ఎముక.

పొట్టి ఎముకలు: మణికట్టులో, చీలమండలో ఉండే గులకరాళ్ల వంటివి.

బల్లపరుపు ఎముకలు: కపాలపు ఎముకలు, రొమ్ముటెముక, పక్కటెముకలు. మెదడు, గుండె, ఊపిరితిత్తుల వంటి సున్నితమైన అవయవాలకు ఇవి కవచాలు.

క్రమాకారం లేని ఎముకలు: వెన్నుపూసలు వీటికి మంచి ఉదాహరణ.

నువ్వుగింజ ఎముకలు: కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనంలో ఏర్పడేవి. చాలావరకు చిన్నవి గనుక ఈ పేరు వచ్చింది. మోకాలి చిప్ప మాత్రం వీటిలో పెద్దది.

పొడవు ఎముకను చీల్చి చూస్తే

తొడ ఎముకను నిలువుగా కోశామనుకోండి. పైన పల్చని పొర కనబడుతుంది. ఇది అస్థి పొర. రక్తనాళాలు, నాడులు ఉన్నది ఇందులోనే. కాలు గట్టుకు తగిలితే ప్రాణం పోయినట్లు అనిపించేది దీనివల్లే. దాని కింద గట్టి ఎముక. ఇది పైకి నున్నగా, గట్టిగా కనిపించినా సూక్ష్మదర్శినిలో చూస్తే దీని నిండా సన్నని కాలువలే. గోదావరి కాలువలు పొలాలకు నీళ్లు పంచినట్లు ఇవి ఎముకలోని జీవకణాలకు రక్తం పంచుతాయి. 1691లో వెలువడిన తన గ్రంథంలో వీటిని వర్ణించిన ఇంగ్లీషు వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ పేరు మీద వీటిని హేవర్షియన్ కాలువలు అంటున్నాం.

ఎముక రెండు కొసల్లో మాత్రం లోపల తేనెపట్టులా గుల్లగా ఉంటుంది. గుల్ల అంటే బలహీనమని కాదు. బరువు పడే దిక్కునే అక్కడి చిన్న చిన్న కమ్మీలు పేరుకుని ఉంటాయి. తక్కువ బరువుతో ఎక్కువ బలం అన్నమాట. కొల్లేటికి వచ్చే గూడబాతులు అంత పెద్ద శరీరంతో ఎగరగలుగుతున్నాయంటే, వాటి ఎముకల్లో చాలావాటి లోపల గాలి నిండి ఉండటం ఒక కారణం.

ఇక ఎముక నడుమ గొట్టంలో ఉండేది మూలుగ. మేకమాంసం కూరలో మూలుగ ఎముకను జుర్రుకున్నవారికి దీన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు! ఎర్రమూలుగ మన రక్తకణాల కర్మాగారం. సెకనుకు దాదాపు ఇరవై లక్షల ఎర్రకణాలు ఇక్కడ తయారవుతాయి.

మట్టీ, గడ్డీ

పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు. మట్టి ఒక్కటే అయితే గోడ పగుళ్లిస్తుంది. గడ్డి ఒక్కటే అయితే అసలు నిలబడదు. ఎముకలోనూ ఇదే ఉపాయం. గడ్డి పని చేసేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచు. మట్టి పని చేసేది కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం. ఎండిన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే.

నమ్మకం కుదరకపోతే ఇలా చేసి చూడండి. కోడికాలి ఎముకను శుభ్రంగా కడిగి, గాజుసీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. రెండు రోజులకోసారి వెనిగర్ మార్చండి. వారం పది రోజుల్లో ఖనిజం కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. మరో ఎముకను ఇంట్లో పెద్దవాళ్ల చేత పొయ్యిలో బాగా కాల్పించండి. ఈసారి పీచు కాలిపోతుంది. మిగిలింది చూడటానికి ఎముకే, కాని వేళ్లతో నొక్కితే పొడి అవుతుంది. ఒకదానికి గట్టిదనం పోయింది, రెండోదానికి సాగే గుణం పోయింది.

ఎముక ఎలా పుడుతుంది?

తల్లి గర్భంలో మొదట తయారయ్యేది చాలావరకు ఎముక కాదు, మృదులాస్థి. మీ చెవి డొప్పను వంచి చూడండి, అది మృదులాస్థే. సొరచేప అస్థిపంజరం జీవితమంతా మృదులాస్థిగానే ఉండిపోతుంది. మనలో మాత్రం గర్భం రెండో నెల నుంచే ఈ మెత్తని నమూనాను తొలగిస్తూ దాని స్థానంలో ఎముక కట్టడం మొదలవుతుంది. కపాలం పైభాగపు ఎముకలది మరో దారి. అవి మృదులాస్థితో పని లేకుండా నేరుగా పల్చని పొర నుంచే ఏర్పడతాయి. పుట్టేనాటికి అవి పూర్తిగా కలుసుకోవు. అమ్మమ్మలు చంటిపిల్లల నడినెత్తిన ఆముదం పెట్టే మెత్తని మాడు ఆ ఖాళీయే. సాధారణంగా ఏడాదిన్నర లోపు అది పూడుకుంటుంది.

మరి మీరు పొడవు పెరిగేది ఎలా? పొడవు ఎముక కొసల దగ్గర పెరుగుదల పలక అనే మృదులాస్థి పొర ఉంటుంది. కొత్త మృదులాస్థి అక్కడ పుడుతూ, ఎముకగా మారుతూ ఉంటుంది. పిల్లల ఎక్స్‌రే ఫిల్ములో ఇది నల్లని గీతలా కనబడుతుంది. ఆడపిల్లల్లో కాస్త ముందుగా, మగపిల్లల్లో కాస్త ఆలస్యంగా ఈ పలక కూడా ఎముకగా మారిపోతుంది. ఆ తరువాత ఎవరూ పొడవు పెరగరు.

పొడవు పెరగడం ఆగినా పని ఆగదు. ఎముకను కట్టే కణాలు, కరిగించే కణాలు జీవితమంతా శ్రమిస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఏడాదికి దాదాపు పదోవంతు ఎముక పాతది పోయి కొత్తది వస్తుంది. విరిగిన చేయి అతుక్కునేదీ ఈ కణాల వల్లే. వైద్యుడు ఎముకలను సరైన చోట నిలిపి కట్టు కడతాడు. అతికించే పని ఎముకదే. కట్టు మరీ బిగుతై వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం అందకపోతే చేయికే ప్రమాదం.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. బతికున్న మనిషి ఎముకలను చూసే వీలు అప్పుడు కలిగింది. అదే ఏడాది జనవరి 12న మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే తేలికైన పద్ధతిని ప్రకటించారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణంలో నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్ వ్యాధిలో రక్తంలో భాస్వరం తగ్గుతుంది. దాన్ని కనిపెట్టడానికి ఈ పద్ధతి వైద్యులకు ఎంతో ఉపయోగపడింది.

అంతటితో అయిపోలేదు. మూలుగలో మొదలయ్యే రక్తకేన్సరుకు అప్పట్లో మందు లేదు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం తయారు చేసిన అమినాప్టెరిన్‌ను 1947లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. అంతవరకు ఎరగని సంగతి అది. మరుసటి ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు.

నీళ్లలో ముప్పు

ఎముక బతికున్న వస్తువు గనుక మనం అందించిన సరుకుతోనే తనను కట్టుకుంటుంది. చెడ్డ సరుకు అందితే దాన్నీ వాడుకుంటుంది. ఫ్లోరైడు అలాంటిది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజలను పరీక్షించి ఒక వ్యాసం ప్రకటించారు. అక్కడి పల్లెల్లో ఎందరికో వెన్ను బిగిసి వంగడం కష్టమైంది. కీళ్లు పట్టేశాయి. పళ్లపై గారమచ్చలు. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడు. అది ఎముకల ఖనిజంలో చేరిపోతుంది, ఎముకలను కట్టే స్నాయువులను కూడా గట్టిపరుస్తుంది. తరువాత నల్లగొండ జిల్లాలోనూ వేలాది మంది ఈ బాధ అనుభవించారు. లేత ఎముకల పిల్లల కాళ్లు వంకరలు తిరిగాయి. అలా వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు. ముందే జాగ్రత్త పడటం ఒక్కటే మార్గం.

గ్రానైటు రాళ్ల మధ్య లోతు నుంచి తోడే నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. నదుల, కాలువల నీటిలో మామూలుగా తక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీళ్లు తాగకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి దాన్ని తేర్చే పద్ధతిని 1970ల దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది.

మీరు చేయవలసింది

మీ ఎముకల కట్టుబడి ఇప్పుడే జోరుగా సాగుతోంది. ఈ వయసులో కూడబెట్టిన ఎముకే ముసలితనం దాకా అక్కరకు వస్తుంది. మీ ఈడువాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు దగ్గరగా కాల్షియం కావాలి. మన వరన్నంలో అది చాలా తక్కువ. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు కూడా మంచివే. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ ఉండాలి. చర్మంపై ఎండ పడితే అది శరీరంలోనే తయారవుతుంది.

ఆటలాడండి, పరుగెత్తండి. బరువు పడితేనే ఎముక బలపడుతుంది. అంతరిక్షంలో బరువు తెలియకుండా తేలుతూ గడిపే వ్యోమగాములు తగిన వ్యాయామం చేయకపోతే తుంటి ఎముకలో నెలకు ఒక శాతానికి పైగా కోల్పోతారు!

చివరగా ఒక పని. మీ ఊళ్లో తాగే నీరు కాలువదా, చెరువుదా, బోరుదా? అందులో ఫ్లోరైడు ఎంత? పంచాయతీ వారిని అడిగి, మీ సైన్సు మాస్టారి సాయంతో ఆ అంకెను తెలుసుకుని బడి నల్లబల్ల మీద రాయండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఉంటే ఆ సంగతి మీ ఇంట్లోనూ, ఊళ్లోనూ అందరికీ చెప్పండి.