పడమటి ఎండకు అడ్డమేది?

మా ఇంటి పడమటి వసారాకి గోడ కట్టించి గది చేయించింది నేనే. పిల్లల చదువుకి చోటు చాలడం లేదని మావారిని పోరి మరీ కట్టించాను. "వసారా మూస్తే ఎండ ఇంట్లోకే వస్తుందే" అన్నారు మా అత్తగారు. విన్నానా! మరుసటి ఏడు మే నెలలో, ఒక సాయంత్రం, ఆవిడే ఆ గదిలో సొమ్మసిల్లి పడిపోయారు.

కిటికీకి సన్‌షేడ్ ఉందిగా, ఇంత ఎండ ఎలా వచ్చిందీ అంటే మా అబ్బాయి లెక్క కట్టి చూపించాడు. విజయవాడలో మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడట. రెండడుగుల సన్‌షేడ్ కింద నీడ అడుగున్నర కూడా రాదు. ఐదింటికి ముప్పాతిక అడుగే. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే! అదే దక్షిణపు కిటికీకైతే డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు గనుక ఆ సన్‌షేడే రెండడుగుల పైన నీడనిస్తుంది. మరి మనమంతా నాలుగు వైపులా ఒకే కొలత పోయించుకుంటాం. మేస్త్రీ అడగడు, మనం చెప్పం. ఉత్తరపు గోడకు ఎండ రాదనుకోవడమూ పొరపాటే. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరంగానే నడుస్తాడు.

పడమటికి కావలసింది నిలువు అడ్డం. వెదురు తడికైనా, తాటాకు తడికైనా కిటికీకి బయట కట్టాలి. లోపల కర్టెన్ కడితే లాభం తక్కువ, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది కదండీ. తడికకీ గోడకీ జానెడు ఎడం ఉంచండి, గాలి ఆడాలి. మన కృష్ణా డెల్టాలో ఎండతో పాటు ఉక్క కూడా ఉంది. నీడ పేరుతో గాలి మూసేస్తే చెమట ఆరదు. వట్టివేళ్ళ తడికలు పడమటి వడగాలి రోజుల్లో బ్రహ్మాండంగా పని చేస్తాయి. గాలిలో తేమ నిండిన రోజున మాత్రం తడిపిన నీళ్ళు ఆరవు, ఉక్క ఇంకా పెరుగుతుంది. బందరులో మా చెల్లెలు అందుకే వాటి జోలికి పోదు.

డాబా ఇళ్ళవాళ్ళకి అన్నిటికన్నా ముందు పైకప్పు. వేసవి మధ్యాహ్నం ఎండ సూటిగా పడేది దానిమీదే. పందిరి వేయలేకపోతే తెల్లగా సున్నమైనా పూయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

మా గది గోడ పడగొట్టలేదు. బయట ఇనుప గొట్టాలతో పందిరి వేయించి రాధామనోహరం పాకించాను. అది కమ్ముకోవడానికి మూడేళ్ళు పట్టింది. మా అత్తగారు ఇప్పుడు సాయంత్రాలు ఆ గదిలోనే కూర్చుని బియ్యం ఏరుతున్నారు. వసారా సంగతి మాత్రం గుర్తు చేస్తూనే ఉంటారు.