ఒర, ఊట, ఊబి: నెల్లూరు తీరపు మెత్తని నేలల్లో తవ్వకం

ప్రవేశిక:

నెల్లూరు తీరంలో సముద్రపు అంచున ఇసుక నేలలు, కృష్ణపట్నం వద్ద కండలేరు క్రీకు పరిసరాల్లో మెత్తని బంకమట్టి నేలలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల నీరు పైపొరల్లోనే తగులుతుంది. నిలువుగా తవ్విన గుంత అంచులు నిలవవు. కోస్తా ఇసుక నేలల్లో దీనికి రెండు పరిష్కారాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి దొరువు: అంచులను ఏటవాలుగా వదిలిన, లోతు తక్కువ గుంట. రెండవది ఒరబావి. తవ్వకానికి ఆపద పక్కల నుంచే కాక అడుగు నుంచి కూడా వస్తుందని ఒరబావి ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఒర చేసే పని:

కత్తికి తొడిగేదీ ఒరే, బావికి తొడిగేదీ ఒరే. ఒరను నేలపై నిలిపి లోపలి మట్టిని తీస్తుంటే, అది తన బరువుతోనే దిగుతుంది. దానిపై మరొకటి పేరుస్తారు. ఆధారం తవ్వకంతో పాటే దిగుతుందన్నమాట. నదీ వంతెనల బావి పునాదులదీ ఇదే సూత్రం. పక్కల మట్టిని ఒర ఆపుతుంది. అడుగు మాత్రం తెరిచే ఉంటుంది.

ఇసుకలో ఊబి:

బావిలోని నీటిని మోటారుతో తోడేస్తే, బయటి నీరు ఒర కిందుగా చుట్టివచ్చి పైకి ఉబుకుతుంది. మట్టి బలం దాని మొత్తం ఒత్తిడిపై కాక, అందులో నీటి ఒత్తిడి పోగా మిగిలినదానిపై ఆధారపడుతుందని కార్ల్ టెర్జాగీ నిరూపించాడు. 1925లో వెలువడిన ఆయన గ్రంథం ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది. ఉబికే నీరు ఇసుక బరువును మోసేస్తే రేణువుల మధ్య ఒరిపిడి నశించి, అడుగు ఊబి అవుతుంది. బయటి ఇసుక లోపలికి జారుతుంది. పైన నేల కుంగి, పక్క ఇంటి గోడ బీటలు వారుతుంది. బావిలో ఉన్న మనిషికి ప్రాణాపాయం.

బంకమట్టిలో ఉబ్బు:

ఇక్కడ ఆపద నీటి వేగం వల్ల కాదు, బయటి మట్టి బరువు వల్ల. ఆ బరువు మట్టి కోత బలానికి సుమారు 6 రెట్లకు చేరితే అడుగు ఉబ్బి పైకి లేస్తుంది. ఉదాహరణకు, ఘనపు మీటరు 1.6 టన్నులు తూగే మట్టికి చదరపు మీటరుకు 1.5 టన్నుల బలమే ఉంటే, ఆ హద్దు 5.6 మీటర్ల లోతులోనే వస్తుంది. తవ్వకపు అడుగు దగ్గరే ఆగిపోయిన ఆధారం ఎంత గట్టిదైనా దీన్ని ఆపలేదు.

ముగింపు:

ఇసుకలో లోపలి నీటిమట్టాన్ని బయటిదానికి తగ్గకుండా ఉంచి, నీటిలోనే మట్టి తీయాలి. లేదా ముందుగా చుట్టూ నీటిమట్టాన్ని దించాలి. బంకమట్టిలో ఆధారాన్ని అడుగుకన్నా లోతుగా, గట్టి పొరదాకా దించాలి. తీసిన మట్టిని అంచున పోయరాదు. తేటగా వచ్చే ఊట నీటినిస్తుంది. ఇసుకను మోసుకొచ్చే ఊట ఊబికి తొలి గుర్తు. అది కనబడగానే మొదట మనిషిని పైకి తీయాలి.